మూడో వరసలో పదకొండో ఇల్లు

అక్టోబరు 3, శుక్రవారం

సంఘం ఇచ్చిన తనిఖీ పుస్తకంలో నాలుగు గడులే ఉంటాయి: కొలికి నంబరు, బిగువు, తుప్పు, సంతకం. మనిషికి ఒళ్ళు మండితే రాసుకోవడానికి అందులో గడి లేదు. అందుకని ఈ పుస్తకం వేరే పెట్టుకున్నాను.

పొద్దున్నే మూడో వరస కొలికిలన్నిటికీ గ్రీజు పెట్టి, పదింటికి ఇంటికి వచ్చేసరికి జోగినాథం మాస్టారు మా వసారాలో కూర్చుని ఉన్నారు. మాది పదకొండో ఇల్లు, ఆయనది పన్నెండు. నీళ్ళ మీద తేలే మా తెప్పనీ ఆయన తెప్పనీ కలిపి పట్టి ఉంచేది ఒక్క ఉక్కు కొలికి. నా చిన్నప్పుడు, పేట ఇంకా నేల మీద ఉన్నప్పుడు, నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే.

ఆయన ఒళ్ళో అర్జీ పలక ఉంది. వేలిముద్రలు వేయించుకునే పలక.

"ఏటి మాస్టారూ అర్జీ?"

"పెద్ద విషయమేం కాదమ్మా, చిన్న సవరణ. నువ్వు వేలు పెట్టకపోయినా ఫర్వాలేదు. అడిగాననిపించుకుంటే చాలు."

మా నీటిపేటలో ఒక పద్ధతి ఉంది. అర్జీ పట్టుకుని వరసలోకి దిగినవాళ్ళు ఏ ఇంటినీ దాటి పోకూడదు. ఒక్క గుమ్మం వదిలేసినా ఆ అర్జీ చెల్లదు. ఎవరినీ పక్కన పెట్టకూడదని పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి అది. దాన్ని పాటించడానికే మాస్టారు మా ఇంటికి వచ్చారు.

"చదవండి మరి. మీ నోటితోనే వింటాను."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, పాఠం చెప్పినట్టే చదివారు. "ఎనిమిదో తీర్మానాన్ని రద్దు చేసి, ఇకపై ఏ ఇంటివారైనా తమ కొలికిని తమ వేలితోనే, కారణం చెప్పనక్కరలేకుండా విప్పుకునే హక్కు కల్పించాలి."

ఎనిమిదో తీర్మానం రెండేళ్ళ కిందటిది. ఇంట్లో ఉన్నది ఆడా, మగా, ట్రాన్సా అని గానీ, ఎవరు ఎవరితో కాపురం చేస్తున్నారని గానీ చూసి ఏ ఇంటికీ కొలికి కాదనకూడదని అందులో ఉంది. అది రాకముందు నేనూ భాగీరథీ తొమ్మిదేళ్ళు పేట అంచులో, వరసల బయట అలల్లో ఉన్నాం. కొలికి పడాలన్నా ఊడాలన్నా రెండిళ్ళ వేలిముద్రలూ కావాలి. ఇద్దరు ఆడవాళ్ళ కాపురానికి ఒక్క ఇల్లూ వేలు ఇవ్వలేదు. అలాగని ఎవరూ మొహం మీద కాదనలేదు. ఒకరు కొలికి తుప్పు పట్టిందన్నారు, ఇంకొకరు అత్తగారు వస్తున్నారన్నారు. నాలుగేళ్ళ కిందటి తుపానులో, ఆ అంచులోనే, ఇంటి దూలం విరిగి భాగి నడుము మీద పడింది. ఆ తర్వాత ఆమె కాళ్ళు లేవలేదు. తీర్మానం వచ్చాకే మేం మూడో వరసలోకి, అల తగలని నీళ్ళలోకి వచ్చాం.

అర్జీ నెగ్గితే మళ్ళీ అక్కడికే. ఆ మాట మాస్టారికి తెలియదా?

లోపలినుంచి భాగి చక్రాల కుర్చీ చప్పుడైంది. "మాస్టారూ, చందువ చేప పులుసు ఇప్పుడే దింపాను. తిని ఎల్లండి."

ఆయన తిన్నారు. రెండోసారి కూడా వడ్డించుకున్నారు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, పలక తీసుకుని పదో ఇంటికి వెళ్ళారు. ఆ కంచం నేను ముట్టుకోలేదు. భాగే కడిగింది.


అక్టోబరు 8, బుధవారం

మంచినీళ్ళ మిషను దగ్గర క్యూలో నిలబడ్డాను. పేట మొత్తానికి ఉప్పునీటిని మంచినీరు చేసేది సితార. ట్రాన్స్ మనిషి, రెండో వరసలో ఉంటుంది. మిషను పాడైన రోజున రెండు పూటలు అందులో తల దూర్చి బాగుచేసింది. ఆ వారమంతా అందరికీ ఆమె సితారమ్మ. ఆ తర్వాత మళ్ళీ "అది".

క్యూలో నా ముందు పైడితల్లి ఉంది. అర్జీ తెచ్చిన కొలికి హక్కు సమితికి ఈవిడే అధ్యక్షురాలు.

"మాకు నీ మీద కోపమేటీ లేదు సితారా. మా కొలికి, మా ఇష్టం. అంతే కదేటి," అంది బిందె ముందుకు జరుపుతూ.

సితార కుళాయి కట్టేసింది. "ఇది నా సేతిలో ఉన్న కుళాయి. నా ఇష్టం అంటే?"

పైడితల్లి మొహం పాలిపోయింది.

"అన్నానా? ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా అన్నానా? పట్టుకో." కుళాయి మళ్ళీ తిప్పింది. బిందె నిండేదాకా పైడితల్లి కిందికే చూసింది.

క్యూ అయిపోయాక సితార నన్ను పక్కకు పిలిచి అర్జీ నకలు చూపించింది. "అక్కా, దీన్లో మన ఊసే లేదు, సూసావా?"

చూశాను. ట్రాన్స్ అన్న మాట లేదు, ఇద్దరాడవాళ్ళు అన్న మాట లేదు. మమ్మల్ని వెళ్ళగొట్టాలనే రాసుకున్నారు. ఆ సంగతి కాగితం మీద పెట్టడానికి సిగ్గుపడ్డారు. పేరు పెట్టకపోతే మర్యాదగా ఉంటుందనుకున్నారు. ఆ మర్యాద కోసం ఎవరైనా ఎవరినైనా, ఏ కారణమూ లేకుండా విప్పేయొచ్చని రాసి కూర్చున్నారు.

పదహారేళ్ళుగా కొలికిలు చూస్తున్నదాన్ని, దాని అర్థం నాకు వెంటనే తెలిసింది. మధ్య ఇంటికి రెండు వైపులా పట్టు ఉంటుంది కాబట్టి అల వచ్చినా కదలదు. చివరి ఇంటికి ఒకే వైపు పట్టు. అందుకే అది ఊగుతుంది, పక్కింటిని లాగుతుంది. ఇప్పటిదాకా వరస చివర్లకు లంగర్లు వేసి ఆపుతున్నాం. నడుమ ఒక ఇల్లు ఊడితే అక్కడ రెండు కొత్త చివర్లు పుడతాయి. వాటికి లంగర్లు లేవు. అలా ఊగే తోక ఇంటి పక్కన ఉండాలని ఎవరికుంటుంది? వాళ్ళూ విప్పేస్తారు, వాళ్ళ పక్కవాళ్ళూ విప్పేస్తారు.


అక్టోబరు 12, ఆదివారం

ఈ రోజు సభ జరిగింది. ఏడ్వకూడదనుకుని వెళ్ళాను. ఏడ్వలేదు గానీ అరిచాను.

మొదట మాస్టారు మాట్లాడారు. ఆయన తెలుగు ఇప్పటికీ వినసొంపుగానే ఉంటుంది. "మాకెవరిపట్లా ద్వేషం లేదు. వారూ మనవారే. కాని బలవంతపు పొత్తు పొత్తు కాదు. ఎవరితో కలిసి ఉండాలో చట్టం చెప్పకూడదు, మనసు చెప్పాలి." చప్పట్లు మోగాయి. మనసు చెప్పాలట! తొమ్మిదేళ్ళు వాళ్ళ మనసులు ఏం చెప్పాయో భాగి కాళ్ళను అడగమనండి.

నేను లేచి కొలికిల సంగతి చెప్పాను. తోక ఇళ్ళ గురించి, తుపాను నెలల గురించి, లంగర్ల గురించి. నాకు తెలిసిన పని గురించి మాట్లాడుతుంటే వాళ్ళు నా బాధ వింటున్నట్టు మొహాలు పెట్టారు. నేను నా ఇంటి కోసం బతిమాలుతున్నాననుకున్నారు.

వెనకనుంచి ఒకాయన, "పిల్లలు సూస్తన్నారమ్మా. ఆళ్ళకేటి సెప్పుకోమంటావు?" అన్నాడు.

"రెండేళ్ళుగా సూస్తన్నారు కదా! ఏటి సూసారు? కాళ్ళు పడిపోయిన మనిషికి నేను తల దువ్వడం సూసారు. సేపలు ఎండెయ్యడం సూసారు. దానికి మీ పిల్లలేటి సెడిపోయారో సెప్పండి!"

"కూర్చో రత్నం, గొంతు తగ్గించి మాట్లాడు," అన్నారు సంఘం అధ్యక్షుడు.

మమ్మల్ని నీళ్ళలోకి తోసే మాటను మాస్టారు మెల్లగా అన్నారు కాబట్టి ఆయన పెద్దమనిషి. అరిచాను కాబట్టి నేను గయ్యాళిని. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకా గట్టిగా అరిచాను.

ఇంటికొక ఓటు. అర్జీకి అనుకూలంగా రెండు వందల పద్నాలుగు ఇళ్ళు, వ్యతిరేకంగా నూట ఎనభై ఎనిమిది.


అక్టోబరు 14, మంగళవారం

పొద్దున ఆరింటికి తెప్ప కుదిపినట్టయింది. బయటికి వచ్చి చూస్తే మాస్టారు కొలికి మీద వేలు పెట్టి నిలబడి ఉన్నారు. కొలికి ఊడి కిందికి వేలాడుతోంది.

"చెప్పకుండా విప్పడం మర్యాద కాదని, నువ్వు లేచేదాకా ఆగుదామనుకున్నానమ్మా," అన్నారు. పదో ఇంటివాళ్ళు ఆ మర్యాద కూడా చూసుకోలేదు. వాళ్ళు అప్పటికే విప్పేసి తలుపులు వేసుకున్నారు.

రెండు కొలికిలూ ఊడిన ఇంటిని సాయంత్రంలోగా అంచుకు చేర్చాలని నిబంధన. చేర్చడానికి పేటలో ఉన్నది ఒక్కటే లాగుడు బోటు. దాన్ని నడిపేది నేనే. నా ఇంటిని నేనే లాక్కుపోయాను.

భాగి వసారాలో కుర్చీ చక్రాలకు అడ్డం పెట్టుకుని, కరివేపాకు కుండీని ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. వరస పొడుగునా జనం గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. నేను మాటిమాటికీ వెనక్కి తిరుగుతుంటే ఆమే కేకేసింది.

"నన్నెందుకే సూత్తావు? ముందుకు సూసి నడుపు!"

నేను ముందుకు తిరిగాను. పెద్ద అలలోకి దిగగానే తెప్ప ఒక్కసారి ఒరిగింది. భాగి కళ్ళు మూసుకుని దూలం వైపు మొహం తిప్పేసింది. పాత దూలం కాదది, కొత్తదే. అయినా తిప్పేసింది. అప్పుడు నాకు వచ్చిన కోపాన్ని రాయడానికి ఈ పుస్తకమూ చాలదు.

తర్వాత సితార ఇంటిని లాగాను. ఆ తర్వాత ఐదో వరసలో కలిసి ఉండే ఇద్దరు వడ్రంగుల ఇంటిని. వాళ్ళు చేసిన తలుపులు, మంచాలు పేటలో సగం ఇళ్ళలో ఉన్నాయి. సాయంత్రానికి తొమ్మిదిళ్ళు అయ్యాయి. అందులో నాలుగిళ్ళు మాలాంటివాళ్ళవి కావు. అన్న తమ్ముణ్ణి విప్పాడు. మేకలు అరుస్తున్నాయని ఒకరు విప్పారు. అత్త కోడలి ఇంటిని విప్పేసింది.


అక్టోబరు 17, శుక్రవారం

అంచులో ఇప్పుడు నలభై ఆరు ఇళ్ళు.

మేం వెళ్ళిపోయాక పన్నెండో ఇల్లు తోక ఇల్లయింది. రెండు రోజులు ఊగింది. ఈ రోజు పొద్దున పదమూడో ఇంటివాళ్ళు మాస్టారిని విప్పేశారు. ఆయన బోటు దగ్గరికి పరుగెత్తుకు వచ్చారు. ఆయన పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"రత్నం, వాళ్ళనొకసారి అడగమ్మా. కారణం ఏమిటో కూడా చెప్పడం లేదు."

"సెప్పనక్కర్లేదంట మాస్టారూ."

నాకు సంతోషం కలిగింది. దాచడం దేనికి, బాగా సంతోషం కలిగింది. ఆయన ఇంటికి తాడు తగిలించి మెల్లగా, వరసలన్నీ చూసేలా లాక్కొచ్చాను. కానీ కిటికీలో ఆయన భార్య సూరయ్యమ్మగారు దేవుడి పటాన్ని చీరకొంగులో చుట్టి పట్టుకుని కనిపించారు. అక్కడితో ఆ సంతోషం సగానికి పడిపోయింది. అందుకు కూడా ఆయన మీదే కోపం వచ్చింది.

మధ్యాహ్నం వాయుగుండం తుపానుగా మారిందని వార్త వచ్చింది. ఆదివారం తీరం తాకుతుందట. వరసలన్నీ పళ్ళూడిన నోళ్ళలా ఉన్నాయి. నేను అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళి కొలికిలన్నీ మళ్ళీ వేయించమన్నాను. "బలవంతం చెయ్యడానికి ఇప్పుడు చట్టం లేదు కదమ్మా," అన్నారాయన. ఆయన మొహం చూస్తే నాకు చెయ్యి ఎత్తాలనిపించింది. ఎత్తలేదు.


అక్టోబరు 20, సోమవారం

నిన్నటి సంగతి ఇప్పుడు రాస్తున్నాను. వేళ్ళు ఒరుసుకుపోయాయి, అక్షరాలు సరిగా రావడం లేదు.

అంచులో మా పాత పద్ధతి వేరు. అక్కడ ఉక్కు కొలికిలు లేవు, వేళ్ళు అడగడాలు లేవు. తుపాను వస్తుందంటే దగ్గరున్న ఇళ్ళన్నిటినీ చేతితాళ్ళతో గుండ్రంగా కట్టేస్తాం. గుండ్రంగా కట్టినదానికి తోక ఉండదు. తాళ్ళు పేనేది భాగి. కాళ్ళు పోయినా చేతులున్నాయి కదా. శనివారమంతా ఆమె పేనుతూనే ఉంది. నేనూ, సితారా, వడ్రంగులిద్దరూ కట్టుకుంటూ పోయాం. చుట్టులోకి వస్తామన్నవాళ్ళు వచ్చారు. "వాళ్ళతోనా?" అన్నవాళ్ళు రాలేదు. అలా అన్నవాళ్ళు అప్పుడు కూడా ఉన్నారు, తల మీద మబ్బు నల్లగా కమ్ముతున్నప్పుడు కూడా!

ఆదివారం పొద్దున పదో నంబరు హెచ్చరిక ఎగరేశారు. అప్పటికి చుట్టులో ఇరవై రెండు ఇళ్ళు. మాస్టారి ఇల్లు మాకు యాభై అడుగుల దూరంలో ఒంటరిగా ఊగుతోంది. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు. పిలవలేదు. పిలవడానికి మొహం చెల్లలేదేమో.

తాడు నా చేతిలోనే ఉంది. నేను వెయ్యలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను కాబట్టి నిజమే రాస్తాను. ఆయన పులుసు తిన్న పూట తలుచుకుంటూ, చూస్తూ నిలబడ్డాను.

"రత్నం, సూరయ్యమ్మగారు లోపల ఉన్నారు," అంది భాగి.

"తెలుసు."

"తెలిస్తే ఎయ్యి."

"నిన్ను ఇక్కడికి తోసినాడే ఆయన!"

"నాకు తెల్దా? నన్ను తోసినాడని నాకు తెల్దా?" భాగి అరవడం నేను విన్నది అదే మొదటిసారి. "ఒంటరి ఇల్లు ఎలా ఇరుగుతాదో కూడా నాకే తెలుసు. దూలం కింద పడుకున్నది నేను. ఎయ్యి!"

వేశాను. జాలిపడి వెయ్యలేదు, ఆమె చెప్పిందని వేశాను. మాస్టారు తాడు అందుకున్నారు గానీ ముడి వెయ్యడం ఆయనకు చేతకాలేదు. నేనే ఆ నీళ్ళలో దిగి, వాళ్ళ తెప్పకు కట్టి వచ్చాను. పదకొండింటికి మొదలై నాలుగింటిదాకా కొట్టింది. భాగి నడుముకు తాడు కట్టి నా నడుముకు కట్టుకున్నాను. ఐదు గంటలూ ఆమె నా చెయ్యి వదల్లేదు.

చుట్టులోని ఇరవై మూడు ఇళ్ళూ నిలిచాయి. మిగతా చోట్ల పద్నాలుగు ఇళ్ళు పోయాయి. ఆరుగురు చనిపోయారు. మేకలు అరుస్తున్నాయని వెళ్ళగొడితే వచ్చిన ముసలాయన వాళ్ళలో ఒకడు. ఇలా అవుతుందని నేను సభలో చెప్పాను. అరుస్తూ చెప్పానట, అందుకని లెక్కలోకి రాలేదు.


అక్టోబరు 23, గురువారం

మాస్టారు మా వసారాకు వచ్చారు. నేను వేసిన తాడు ఆయన చేతిలో ఉంది. విప్పి, చక్కగా చుట్ట చుట్టి తెచ్చారు.

"పెద్ద సాయం చేశావమ్మా. మీ ఇద్దరి ఋణం తీర్చుకోలేను. పదమూడో ఇంటివాళ్ళు పొరపాటైందన్నారు, మళ్ళీ కొలికి ఇస్తున్నారు. పదో ఇంటివాళ్ళు కూడా ఇటు జరిగి నాతో కలుపుకుంటామన్నారు. వరస మళ్ళీ పూర్తయిపోతుంది."

పదికీ పన్నెండుకీ నడుమ ఇక ఖాళీ ఉండదు. పదకొండో ఇల్లు అనేదే ఉండదు. ఆయన ఆ మాట ఎంతో సంతోషంగా చెప్పారు.

సితార, నేను కలిసి రాసిన అర్జీ లోపల ఉంది. ఎనిమిదో తీర్మానం మళ్ళీ కావాలని. పలక తెచ్చి ఆయన ముందు పెట్టాను. "మీ వేలు పెట్టండి మాస్టారూ."

ఆయన పలక వైపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.

"అది వేరే విషయమమ్మా," అన్నారు.

భాగి కుర్చీ తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె అలా వెళ్ళిపోవడం చూస్తే నా గుండె పగిలింది.

"ఇల్లు ఎప్పుడు లాగుతావో చెబితే సామాను సర్దుకుంటాం," అన్నారాయన.

"లాగను."

"ఏం? బోటు పాడైందా?"

"బోటు బాగానే ఉంది. లాగను."

"ఎందుకమ్మా?"

"ఎందుకో సెప్పనక్కర్లేదని మీరే రాసారు కదా."

ఆయన తాడు చుట్టను వసారాలో పెట్టి లేచారు. సంఘం అధ్యక్షుడి ఇంటి వైపు వెళ్ళారు.


అక్టోబరు 24, శుక్రవారం

సంఘం నుంచి నోటీసు వచ్చింది. "జోగినాథం గారి ఇంటిని లాగడానికి నిరాకరించినందుకు ఇరవై నాలుగు గంటల్లోగా రాతపూర్వకంగా కారణం తెలపవలెను. లేనిచో ఉద్యోగం నుంచి తొలగించబడుదురు."

కారణం తెలపవలెనట! నా ఇల్లు విప్పిన రోజున ఈ మాట రాసే చెయ్యి ఎక్కడికి పోయింది? నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు మండాయి. భాగి చదివి, "రాయి. మొత్తం రాయి," అంది. రాసి పంపిన జవాబు నకలు ఇది.

నీటిపేట సంఘం వారికి,

కారణం అడిగారు. నా కారణం చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు కాబట్టి చెప్తున్నాను.

మాస్టారి ఇంటిని మీరు లాగి కలపమంటున్నది మా చోటు లేకుండా. మూడో వరసలో పదకొండో ఇల్లు మాది. ఆ చోటు మూసెయ్యడానికి నా చేతులు రావు. భాగీరథి కాళ్ళు పోయింది మీరెవరూ మాకు వేలు ఇవ్వని రోజుల్లో. ఆ సంగతి తెలిసి కూడా రెండు వందల పద్నాలుగు ఇళ్ళవాళ్ళు ఆమెను మళ్ళీ అదే అంచుకు పంపించారు. ద్వేషం లేదన్నారు. ఉందో లేదో మీరే తేల్చుకోండి. నాకైతే మీ మీద ద్వేషం ఉంది, అది తగ్గేదాకా ఉంటుంది. అయినా ఆ తుపానులో మీ మనిషి ఇంటికి తాడు కట్టాను. ఇంతకంటే మంచితనం నా దగ్గర లేదు, అడగకండి.

ఎనిమిదో తీర్మానం తిరిగి వచ్చిన రోజున ముందు నా ఇంటిని లాగుతాను, తర్వాత సితార ఇంటిని, తర్వాత వడ్రంగుల ఇంటిని, ఆ తర్వాత మాస్టారిది. ఈ లోపు ఉద్యోగం తీసేస్తే తీసేయండి. బోటు తాళం కావాలంటే ఎవరినో పంపించకుండా మీరే అంచుదాకా రండి. వచ్చి, కాళ్ళు పడిపోయిన మనిషి ముందు నిలబడి అడగండి.

రాసింది మైలపల్లి నూకరత్నం, కొలికి తనిఖీ.
పక్కన వేలిముద్ర వేసింది ఆమె భార్య, భాగీరథి.